కాకుల్ని, గోరింకల్ని రాయడం మానేయకండి

మీ ప్రశ్న ఇదీ: కొన్ని నెలలుగా మీ ఊరి చెరువు గట్టు మీద పక్షులు చూస్తున్నారు. పాతిక, ముప్పై రకాలకు మించి గుర్తుపట్టలేకపోతున్నారు. ఎవరో సీనియర్ "బాగా నేర్చుకునేదాకా ఈబర్డ్‌లో జాబితాలు ఎక్కించకు, డేటా పాడవుతుంది" అన్నారు, మీరు ఆగిపోయారు. (ఈబర్డ్ అంటే చూసిన పక్షుల జాబితాలు ఎవరైనా ఎక్కించగలిగే ఆన్‌లైన్ వేదిక.) ఎలాగూ ఈ రంగానికి ఏదైనా చేసేది నిపుణులే కదా, మా బోటి కొత్తవాళ్ళ వల్ల ఒరిగేదేముంటుంది అని కూడా అడిగారు.

ముందు ఆగడం మానేయండి. ఇవాళ సాయంత్రమే ఒక జాబితా ఎక్కించండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. మా వైపు నుంచి వచ్చే జాబితాలు సరిచూసే పని చాలా కాలంగా చేస్తున్నాను. కొత్తవాళ్ళవీ, పాతవాళ్ళవీ, ఇద్దరి మధ్యలో ఉన్నవాళ్ళవీ రోజూ చూస్తుంటాను. ఎవరు ఎక్కువ ఇస్తారంటే, పక్షుల విషయంలో నా సమాధానం ఇది: కొత్తవాళ్ళూ చాలా ఇస్తారు, బాగా తెలిసినవాళ్ళూ చాలా ఇస్తారు, తక్కువ ఇచ్చేది ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్ళు. మీరు జాగ్రత్తపడాల్సింది ఇప్పుడు కాదు, రెండు మూడేళ్ళ తర్వాత.

జాబితా ఎక్కించేటప్పుడు ఈబర్డ్ చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది, గమనించే ఉంటారు. మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ రాశారా, అవునా కాదా అని. అక్కడున్న పక్షులన్నిటినీ రాశారా అని అడగదు, గుర్తుపట్టగలిగినవన్నీ రాశారా అని అడుగుతుంది. ఈ తేడా ఆ పద్ధతికి ప్రాణం. మీకు ఇరవై రకాలే తెలుసు, వాటిలో ఈ పూట పన్నెండు కనిపించాయి, పన్నెండూ రాశారు, అప్పుడు మీ జవాబు "అవును". మీది పూర్తి జాబితా. పక్కనే నిలబడి నలభై రకాలు గుర్తుపట్టిన పెద్దమనిషి వాటిలో తనకు నచ్చిన ఏడు మాత్రమే రాస్తే, అది అసంపూర్తి జాబితా. పక్షుల సంఖ్య పెరుగుతోందా తరుగుతోందా అని లెక్కగట్టేటప్పుడు మీది పనికొస్తుంది, ఆయనది పక్కనపెడతారు.

లెక్క ఎలా కడతారంటే, ఒక జిల్లాలో ఒక ఏడాది వచ్చిన పూర్తి జాబితాలన్నీ తీసుకుంటారు. వాటిలో నూటికి ఎన్నింట్లో పాలపిట్ట ఉందో చూస్తారు. తర్వాతి ఏడాది ఎన్నింట్లో, ఆ తర్వాత ఎన్నింట్లో, ఇలా పోల్చుకుంటూ పోతారు. ఇక్కడ పాలపిట్ట కనబడిన జాబితా ఎంత ముఖ్యమో, కనబడనిది కూడా అంతే ముఖ్యం. అన్నీ రాశాను అని మీరు చెప్పారు కాబట్టే, మీ జాబితాలో పాలపిట్ట లేకపోతే "చూశాడు, కనిపించలేదు" అని అర్థం. అసంపూర్తి జాబితాలో లేకపోతే కనిపించలేదో, రాయలేదో ఎవరికీ తెలియదు. మరి కొత్తవాడికి తక్కువ రకాలు తెలుస్తాయి, దానివల్ల లెక్క తప్పదా అంటారేమో. ఆ సంగతి లెక్క వేసేవాళ్ళకూ తెలుసు. దేశంలో పక్షుల స్థితి మీద 2020లో, మళ్ళీ 2023లో వచ్చిన పెద్ద నివేదికల్లో ఒక్కో జాబితాలో ఎన్ని రకాలున్నాయో దాన్నే, ఆ పూట పక్షుల్ని వెతకడానికి పడ్డ శ్రమకు కొలతగా తీసుకున్నారు. అంటే పన్నెండు రకాల జాబితాకూ అరవై రకాల జాబితాకూ ఉన్న తేడాను లెక్కలోకి తీసుకునే పోలుస్తారు. మీకు తక్కువ తెలుసన్న విషయానికి అందులో ముందే చోటుంది.

ఆ 2023 నివేదికకు ఆధారం 30 వేల మందికి పైగా రాసిన దాదాపు 3 కోట్ల నమోదులు. 942 జాతుల్ని పరిశీలించి, అందులో 178 జాతుల మీద వెంటనే దృష్టి పెట్టాలని తేల్చారు. ఇంత పెద్ద దేశంలో పక్షిశాస్త్రం చదువుకుని అదే ఉద్యోగంగా చేసుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. 30 వేల మంది మాత్రం ఉండరు. వీళ్ళలో ఎక్కువమంది బడిపిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, రిటైరైనవాళ్ళు, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు. మనం ఏ తోటలోనో, ఏ మేడ మీదో నిలబడి రాసిన గోరింకలూ పావురాలూ కలిసే ఆ 3 కోట్లు అయ్యాయి.

పాలపిట్ట సంగతే చూడండి. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా రోజున చూస్తే మంచిదని ఊరి పొలిమేర దాకా వెళ్ళి మరీ చూస్తారు. కరెంటు తీగ మీద కూర్చుని రెక్క విప్పితే నీలం మెరుస్తుంది, దాన్ని గుర్తుపట్టడానికి నిపుణుడు అక్కర్లేదు, మా అమ్మమ్మ కూడా గుర్తుపట్టేది. అలాంటి పక్షి దేశమంతటా గట్టిగా తగ్గిపోతోందని, ప్రపంచస్థాయిలో దాని స్థితిని మళ్ళీ పరిశీలించాలని 2023 నివేదిక చెప్పింది. ఈ మాట చెప్పగలిగింది అది అరుదైన పక్షి కాకపోవడం వల్లే, వేల మంది మామూలు మనుషులు తమ మామూలు జాబితాల్లో దాన్ని రాస్తూ పోవడం వల్లే. ఒక్క నిపుణుడు ఎంత తిరిగినా ఇన్ని ఊళ్ళ కరెంటు తీగలు చూడలేడు. పిచ్చుకల విషయంలోనూ అంతే. సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోయాయని అందరూ అనుకుంటుంటే, 2020 నివేదిక మొత్తం మీద దేశంలో వాటి సంఖ్య నిలకడగానే ఉందనీ, హైదరాబాదు లాంటి ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతోందనీ విడమర్చి చెప్పింది. పల్లెల్లో కూర్చుని "పిచ్చుక, 14" అని రాసినవాళ్ళు లేకపోతే ఆ మాటకు ఆధారమే ఉండేది కాదు.

ఇప్పుడు మధ్యలోవాళ్ళ గురించి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

మనిషి పక్షులు చూడటం మొదలుపెట్టిన మొదటి ఏడాది కాకినీ రాస్తాడు, గోరింకనీ రాస్తాడు, పావురాలు ఎన్నో కూడా లెక్కపెడతాడు. అన్నీ కొత్తే కదా. రెండో ఏడాదికి మంచి బైనాక్యులర్ వస్తుంది, మూడో ఏడాదికి పొడుగు లెన్సు వస్తుంది, వాట్సాప్ గ్రూపుల్లో చేరతాడు, ఎక్కడో అరుదైన పిట్ట కనిపించిందంటే తెల్లారేసరికి కారేసుకుని అక్కడుంటాడు. అక్కడి నుంచి వచ్చే జాబితాలో ఒక్క పక్షే ఉంటుంది, దాని కిందే పది ఫొటోలు. దారిలో కనబడిన తీతువులు, పసిరికపిట్టలు, జెముడుకాకులు ఏవీ ఉండవు. అందరూ శని, ఆదివారాల్లో అమీన్‌పూర్ చెరువుకో, కొల్లేరుకో, ఉప్పలపాడుకో, నేలపట్టుకో వెళతారు. ఆ చోట్లకు కుప్పలు తెప్పలుగా జాబితాలున్నాయి. అనంతపురం మెట్టపొలాల్లోనో, ప్రకాశం జిల్లా లోపలి మండలాల్లోనో, పాలమూరు చిన్న చెరువుల దగ్గరో ఏముందో రాసేవాళ్ళు లేరు. నేర్చుకున్నకొద్దీ ఏది చూడక్కర్లేదో కూడా నేర్చేసుకుంటాం, అదే తంటా. రాబందులు దేశమంతా లెక్కకు మించి ఉన్న రోజుల్లో వాటిని లెక్కపెట్టాలని ఎంతమందికి తోచి ఉంటుంది?

రాబందుల కథలోనే నిపుణుడి అవసరం ఎక్కడుంటుందో కూడా కనిపిస్తుంది. మన ఊళ్ళ బయట గొడ్డు చస్తే వాలే రాబందులు 1990ల్లో కనిపించకుండా పోయాయని పల్లెల్లో ప్రతి పెద్దమనిషికీ తెలుసు. తెలిసినా ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో ఎవరూ చెప్పలేకపోయారు. రాజస్థాన్‌లో భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కులో విభు ప్రకాశ్ అనే పక్షి శాస్త్రవేత్త 1980ల్లో రాబందుల గూళ్ళు లెక్కపెట్టి పెట్టుకున్నారు కాబట్టి, పదేళ్ళ తర్వాత మళ్ళీ లెక్కపెట్టినప్పుడు అవి కూలిపోతున్నాయని అంకెలతో చూపించగలిగారు. ఆ తర్వాత పాకిస్తాన్‌లో లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త, ఆయన బృందం చనిపోయిన పక్షుల్ని కోసి చూశారు. కిడ్నీలు పాడై, లోపలి అవయవాల మీద తెల్లటి యూరిక్ యాసిడ్ పూత పట్టి ఉంది. వైరస్ అనుకున్నారు, కాదు. పురుగుమందులు అనుకున్నారు, కాదు. చివరికి, ఈ పక్షులు తినేది పశువుల కళేబరాలే కదా, ఆ పశువులకు ఏం మందులిస్తున్నారు అని అడిగారు. అలా డైక్లోఫెనాక్ దొరికింది, నొప్పికీ జ్వరానికీ పశువులకు వేసే ఇంజెక్షను. 2004లో ప్రచురించారు, 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని ఆపింది. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి.

ఎందుకు అనే ప్రశ్నకు జవాబు వేల జాబితాలు ఎక్కించినా రాదు. కిడ్నీలో ఏం చూడాలో తెలిసిన ఒక మనిషి కావాలి. ఇది కొత్తవాళ్ళు చేయగలిగిన పని కాదు, ఆ మాట దాచను. అయితే అదంతా మొదలైంది మామూలు పక్షి గూళ్ళను ఓపిగ్గా లెక్కపెట్టిన మనిషి దగ్గర.

మన సొంత కథ ఇంకొకటుంది, కలివికోడి అనే పక్షిది. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ 1848లో దీన్ని లోకానికి తెలియజేశాడు. అప్పుడప్పుడూ కనిపించి 1900 తర్వాత మాయమైంది. మధ్యలో వెతికినవాళ్ళు వెతికారు, దొరకలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప వైపు వెతకడం మొదలుపెట్టారు. పక్షి బొమ్మ గ్రామాల్లో చూపించి అడిగారు. సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో పిట్టలు పట్టే ఐతన్న అనే ఆయన ఇది నాకు తెలుసన్నాడు. 1986 జనవరిలో రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఒకదాన్ని పట్టి తెచ్చాడు. ఆ పక్షి తిరిగేది రాత్రిళ్ళు! పగలు వెతికితే 86 ఏళ్ళైనా దొరకదు. ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దానికోసమే ఏర్పడింది. ఇంకా తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూసీ, రాత్రి కెమెరాలు పెట్టీ, అరుపు రికార్డు వినిపించి జవాబు వస్తుందేమో విన్నారు. అదంతా మళ్ళీ నిపుణుల పనే.

ఇందులో ఐతన్న కొత్తవాడా, నిపుణుడా చెప్పండి. డిగ్రీ లేదు, పుస్తకం చూడలేదు, కానీ ఆ అడవిలో ఆ పొదల్లో ఆయన కంటే తెలిసినవాడు ఎవరూ లేరు. మనం నిపుణుడు అన్నప్పుడల్లా పేరు వెనక ఉన్న అక్షరాలే చూస్తాం, కాబట్టి ఇలాంటివాళ్ళు ఏ లెక్కలోకీ రారు. మీ చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్ళుంటారు కదా, వాళ్ళను అడగండి. ఏ నెలలో ఏ కొంగ వస్తుందో, ఏ చెట్టు మీద గూడు కడుతుందో, మందు పెట్టి పిట్టల్ని చంపుతున్నది ఎవరో, వాళ్ళకు తెలిసినంత నాకు తెలియదు.

నిపుణుడు మళ్ళీ మామూలు పక్షి ముందు కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి మన దేశపు పేరుమోసిన పక్షి శాస్త్రవేత్త సలీం అలీని మించిన ఉదాహరణ లేదు. 1930లో బెర్లిన్‌లో శిక్షణ ముగించుకుని వచ్చేసరికి ఉద్యోగం లేదు. బొంబాయి దగ్గర కిహీం అనే పల్లెలో ఉంటూ ఇంటి పక్క చెట్టుకున్న గిజిగాడి గూళ్ళ ముందు నిచ్చెన వేసుకుని కూర్చున్నాడు. గిజిగాడు మన దేశంలో ఎవరికి తెలియదు, దాని గూడు ఎవరు చూడలేదు. అయినా అప్పటిదాకా ఎవరూ సరిగా గమనించని విషయం ఆయన చూశాడు. మగపక్షి గూడు సగం కడుతుంది, ఆడపక్షులు వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తాయి, ఒకటి నచ్చి చేరితే మగది ఆ గూడు పూర్తిచేసి ఇంకోచోట ఇంకో గూడు మొదలుపెడుతుంది, మరో ఆడదాని కోసం. మరుసటి ఏడాది ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకు వచ్చాడు, మన తెలంగాణ పక్షుల గురించి పద్ధతిగా రాసిన మొదటి రాతల్లో అదొకటి. పాతవాళ్ళు మనకు ఇచ్చే ఇంకో పెద్ద సంపద ఇదే, పాత రాతలు. 2000కు ముందు మన పక్షుల స్థితి ఏమిటో తెలియాలంటే అప్పటి డైరీలే దిక్కు. వాటిని ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించిన పెద్దవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇక డేటా పాడవుతుందన్న మాటకు వద్దాం. ఆ సీనియర్ భయంలో అసలేమీ లేదనను. కొత్తవాళ్ళ జాబితాల్లో తప్పులొస్తాయి, ఏ తప్పులొస్తాయో కూడా మాకు తెలుసు. ఆడ కోయిలను చూసి ఇంకేదో రాస్తారు, ఎందుకంటే కోయిల నల్లగా ఉంటుందని అందరికీ తెలుసు, ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుందని తెలియదు. ఫోన్‌లో యాప్ కూత విని పేరు చెప్పిందని మన జిల్లాలో ఎన్నడూ లేని పక్షిని రాసేస్తారు. చలికాలంలో నీటి అంచున పరుగులు తీసే సన్నకాళ్ళ బూడిదరంగు పిట్టలన్నిటికీ ఒకే పేరు పెడతారు. అందుకే ప్రతి ప్రాంతానికీ, ప్రతి నెలకూ ఏ పక్షి ఎన్ని కనిపించవచ్చో ఒక హద్దు పెట్టి ఉంటుంది. అది దాటితే ఈబర్డ్ మిమ్మల్ని వివరం అడుగుతుంది, తర్వాత నాలాంటి వాలంటీరు చూసి మెయిల్ పెడతాడు. ఆ మెయిల్ వస్తే టెన్షన్ పడకండి, అవమానమూ అనుకోకండి. ఫొటో ఉంటే పెట్టండి, లేకపోతే ఏం చూశారో రెండు ముక్కలు రాయండి, తెలియదనిపిస్తే తీసేయండి.

ఇంకో మాట చెబుతాను. నాకు తలనొప్పి తెచ్చేవి కొత్తవాళ్ళ తప్పులు కావు. కొత్తవాడిని అడిగితే "సార్, ఖాయంగా తెలియదు" అంటాడు, రెండు నిమిషాల్లో సరిచేస్తాడు. కొంచెం పేరొచ్చినవాళ్ళు మాత్రం దూరంగా ఎగిరిపోయిన డేగకు కూడా ఖచ్చితమైన పేరు రాసి, అడిగితే కోపం తెచ్చుకుంటారు. జాబితాలో "ఏదో ఒక డేగ" అని రాసే సౌకర్యం ఉంది, "ఇదైనా కావచ్చు, అదైనా కావచ్చు" అని రెండు పేర్లు కలిపి రాసే సౌకర్యం కూడా ఉంది. నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే దిట్టలైనవాళ్ళే వాటిని ఎక్కువగా వాడతారు. మీరూ మొహమాటం లేకుండా వాడండి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. చోటు మార్చకండి, మీ చెరువే చాలు. వారానికి ఒకసారైనా, వీలైతే ఒకే వేళకు, కనీసం పావుగంట అక్కడ ఉండండి. పావుగంట అని ఊరికే అనడం లేదు, ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే ప్రపంచవ్యాప్త పెరటి పక్షుల లెక్కింపులో కూడా కనీస సమయం అంతే. ఆ నాలుగు రోజులూ మీ ఊరి బడిపిల్లలను కూడా తీసుకెళ్ళండి. తెలిసిన ప్రతిదాన్నీ సంఖ్యతో రాయండి, కొంగలు ఎగిరిపోతుంటే పదుల్లో అంచనా వేసినా ఫర్వాలేదు, ఖాళీగా వదలడం కంటే అది నయం. చెరువు ఎండిపోయి ఏమీ లేని మే నెలలో కూడా వెళ్ళండి, ఎక్కువమంది మానేసే నెలలు అవే. యాప్ చెప్పిన పేరును కళ్ళతో చూశాకే రాయండి.

ఇన్నాళ్ళూ నోటుపుస్తకంలో రాసుకున్నవి ఉంటే వాటినీ ఎక్కించండి, వృథా పోనివ్వకండి. తేదీ, మొదలుపెట్టిన టైము, ఎంతసేపు చూశారో ఉంటే మామూలు జాబితాగానే పెట్టొచ్చు. తేదీ మాత్రమే ఉంటే "హిస్టారికల్" అని ఒక రకం ఉంది, అందులో పెట్టండి. చెరువుకు మ్యాపులో ఇప్పటికే పేరు పెట్టిన గుర్తు ఉందేమో చూసి దాన్నే ఎంచుకోండి, లేకపోతే ఊరి పేరు, మండలం పేరు కలిపి కొత్తగా పెట్టండి. పెట్టాక ఆ జాబితా లింకు ఇక్కడే వేయండి, చూసి చెబుతాను.